మూగ గాడి

కుడికాలితో మీట తొక్కగానే పైనున్న ఉక్కు గొట్టం దిగి, రికార్డు నడుమనున్న గుండ్రటి లేబులును ఒక్క దెబ్బతో కోసి కింది పెట్టెలోకి నెట్టింది. మిగిలిన నల్లని వలయాన్ని ఆమె ఎడమచేత్తో లాగి పక్కనున్న గుట్టమీదికి విసిరింది. అది గుట్టను తాకేలోపే కుడిచెయ్యి మరో రికార్డును అట్టలోంచి ఊడబెరికి శీలకు గుచ్చింది. తొక్కుడు, దెబ్బ, విసురు. పొద్దున షెడ్డు తలుపు తీసింది మొదలు సాయంత్రం కూత కూసేదాకా ఆ శరీరం చేసే పని ఇంతే. ఏళ్ళ తరబడి అదే మీట తొక్కడంవల్ల ఆమె కుడిపిక్క ఎడమపిక్క కంటే లావెక్కింది. వలయాల అంచులు కోసిన గాట్లు ఎడమ అరచేతి గీతల్లో కలిసిపోయి, ఏవి పుట్టుకతో వచ్చినవో ఏవి పనితో వచ్చినవో చెప్పడానికి లేకుండా పోయింది.

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చిల్లులక్క అంటారు. రికార్డు నడుమ చిన్న చిల్లు పెట్టి లోకం మీదికి పంపేది ముందు భవనం. ఆ చిన్న చిల్లును పెద్ద చిల్లు చేసి చంపేది వెనక రేకుల షెడ్డు. అమ్ముడుపోకనో, తప్పు పుట్టుక పుట్టిందనో దుకాణాలనుంచి తిరిగివచ్చిన రికార్డులన్నీ ఈ షెడ్డుకే చేరుతాయి. లేబులు కాగితం కరిగించిన ముద్దలో కలిస్తే దానితో చేసిన కొత్త రికార్డు చిటపటలాడుతుంది కనుక ముందు దాన్ని కోసి పారెయ్యాలి. ఆ తరవాత వలయాలను పళ్ళమిషను నోట్లో పోస్తారు. ఉక్కుపళ్ళ మధ్య అవి నలిగే చప్పుడు ఎముకలు విరిగినట్టు ఉంటుందని కొత్తగా చేరినవాళ్ళు అంటారు. ఎముక విరిగిన చప్పుడు నిజంగా విని ఉన్న చిల్లులక్క ఆ పోలికను ఒప్పుకోదు. ఎముక అంత గట్టిగా చప్పుడు చెయ్యదు.

ముందు భవనంలో ఎల్పీ అన్న మాటకు అర్థం గోడమీది పటంలోనే రాసి ఉంటుంది. లాంగ్ ప్లే. నిమిషానికి ముప్పైమూడు చుట్లే తిరుగుతూ, వెంట్రుకంత సన్నని గాడిలో ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు మించి పాడే పెద్ద రికార్డు. పాతకాలపు రికార్డులు మూడు నిమిషాలకే అయిపోయేవని, మనిషి లేచివెళ్ళి మార్చవలసి వచ్చేదని, ఎల్పీ వచ్చి మనిషిని నిశ్చింతగా కూర్చోనిచ్చిందని ఆ పటం కింద వివరం కూడా ఉంటుంది. వెనక షెడ్డులో ఆ మాటకు అర్థం బరువు. "ఇవాళ ఎన్ని బస్తాల ఎల్పీ?" అని మేస్త్రీ అడుగుతాడు. ఇక చిల్లులక్క కాపురముండే వీధిలో ఆ మాటకు మరో వాడుక ఉంది. దాన్ని ఏ నిఘంటువూ ఎక్కించుకోలేదు. నిఘంటువులు కూర్చే పెద్దమనుషులు కూడా అలాంటి వీధుల్లోనే కాపురముంటారు గనుక ఎక్కించుకోరు.

ఆ వాడుక పుట్టింది ఆమె ఇంట్లోనే. పెళ్ళయిన కొత్తలో భర్త చిన్న రికార్డులతో మొదలుపెట్టాడు. వీధివైపు కిటికీ తీసి ఉంచేవాడు. పాట బయటికి పోవాలి. తలుపు గడియ వేసి, చప్పుడు పెంచి, అప్పుడు కొట్టేవాడు. మూడు నిమిషాలకు పాట అయిపోయేది. చెయ్యి దించి, చెమట తుడుచుకుని, వెళ్ళి రికార్డు మార్చేవాడు. ఆ కాస్త ఎడంలో ఆమె ఊపిరి పీల్చుకునేది, నోట్లో ఊరిన నెత్తురు మింగేది, వీలుంటే మంచం కిందికి జరిగేది. తరవాత ఆమెకు ఫ్యాక్టరీలో పని దొరికింది. అట్ట నలిగిన రికార్డును నెలకొకటి చొప్పున పనివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళడానికి అప్పట్లో అనుమతి ఉండేది. మొదటినెల ఆమె సంబరంగా పట్టుకెళ్ళింది ఒక ఎల్పీని. ఆనాటినుంచి ఆ ఎడం లేకుండా పోయింది.

వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వుతూ అడిగేవారు, "నిన్న మీ ఇంట్లో ఎల్పీయా?" అని. క్రమంగా రికార్డు పెట్టె లేని ఇళ్ళకు కూడా ఆ మాట పాకింది. చెయ్యి చేసుకుని ఊరుకుంటే "ఒక వైపే వేశాడట" అనేవారు. మనిషి మర్నాడు లేవలేకపోతే "రెండు వైపులూనట" అని ముక్కుమీద వేలు వేసుకునేవారు. దెబ్బ అన్న మాట ఆ వీధిలో ఎవరి నోటా వచ్చేది కాదు. అది సంస్కారంగల వీధి.

భర్త పోయి నాలుగేళ్ళయింది. బస్సు డిపోలో చక్రాలు మార్చే పనిచేసే కొడుక్కి తండ్రినుంచి సంక్రమించినవి రెండు: ఆ పెట్టె, ఆ చెయ్యి. కోడలు వచ్చిన మూడోనెలలోనే అతడు కిటికీ తీసి, తలుపు గడియ వేశాడు. చిల్లులక్క వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ తోముతూ కూర్చుంది. ఒకప్పుడు ఆమె అత్తగారు కూర్చున్నదీ సరిగ్గా ఆ పీటమీదనే.

వీధికి తెలుసు. వీధికి తెలుసని ఆమెకూ తెలుసు. అయితే తెలియడం వేరు, వినడం వేరు అన్నది ఆమె గట్టి నమ్మకం. చెవుల్లో పాట ఉంది గనుక వాళ్ళు కూర్చోగలుగుతున్నారు. పాట తీసేస్తే ఏ మనిషీ కూర్చోలేడు. ఇన్నేళ్ళూ ఆమె బతికింది ఈ నమ్మకాన్ని పట్టుకునే. వీధిని ద్వేషించకుండా ఆ కుళాయి దగ్గర బిందె పెట్టగలిగింది కూడా అందువల్లనే.

ఆ పొద్దున కొత్త లోడు దిగింది. పెట్టెలు విప్పితే నిగనిగలాడే రికార్డులు, ఎర్ర లేబులు, అట్టలమీద గీతయినా పడలేదు. చిల్లులక్క ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"దీనికేం రోగం? పెళ్ళికూతురిలా ఉంది," అంది.

మేస్త్రీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "చిల్లులక్కా, ఈ లోడు మాత్రం జాగ్రత్త. ఒక్కటి బయటికి పోయిందా, నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ హుళక్కే. రికార్డింగు గదిలో టేపు తెగిందట. టేపు తెగినా గాడి కోసే మిషను ఆగలేదు, ఎవరూ చూసుకోలేదు. మూడో పాట సగంలో మాట పడిపోతుంది. ఆ తరవాత ముల్లు నడుస్తూనే ఉంటుంది చివరిదాకా. ఒక్క ముక్క వినపడదు."

"అచ్చం మా ఆయనే," అంది పళ్ళమిషను దగ్గరున్న ఆమె. ఆమెను అందరూ పళ్ళొదిన అంటారు. "మూడో మాటకి మూగబోయేవాడు, నడక మాత్రం ఆగేది కాదు. ఎక్కడెక్కడికి నడిచాడో పోయాక తెలిసింది."

"నీ నోటికంటే నీ మిషను నోరే నయం," అని మేస్త్రీ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

చిల్లులక్క నవ్వలేదు. రికార్డును శీలకు గుచ్చి, కాలు మీటమీద పెట్టి, తొక్కకుండా ఆగింది. ఆ యంత్రం ముందు ఆమె అలా ఆగడం ఎవరూ ఎరగరు. తరవాత తొక్కింది. ఎర్ర లేబులు తెగి పెట్టెలో పడింది.

ఆమెకు పొద్దుటి పాలు గుర్తుకొచ్చాయి. కోడలు పొయ్యి దగ్గర నిలబడి ఉంది. "పాలు పొంగుతున్నాయే అమ్మాయ్," అని చిల్లులక్క ఆమెకు ఎడమపక్కనుంచి అంది. కోడలు కదల్లేదు. కళ్ళు గోడమీద ఉన్నాయి. పాలు అంచు దాటి పొయ్యిమీద పడి సుయ్యిమన్నాయి. చిల్లులక్క చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చి, పొయ్యి ఆర్పి, మెల్లగా పిలిచింది. కోడలు ఉలిక్కిపడింది. చెవి కింద, దవడ ఎముక మీదుగా, నాలుగు వేళ్ళ వాపు నీలంగా తేలి ఉంది.

"ఎడమవైపు ఈదురుగాలి కొడుతున్నట్టుందత్తయ్యా," అంది. "నిన్నటినుంచి. ఇంకేం వినపడటం లేదు."

కుడిచేత్తో కొట్టే మగవాడి ముందు నిలబడ్డ మనిషికి ముందుగా పోయేది ఎడమ చెవే. చిల్లులక్కకు అది కొడుకు నడక నేర్చిన ఏడాది పోయింది. పళ్ళమిషను చప్పుడుకు పోయిందని ఫ్యాక్టరీ డాక్టరు తేల్చాడు, ఆమె ఔనంది. మాటలు నేర్చుకుంటూనే ఆ పిల్లవాడు ఇంకొకటి కూడా నేర్చుకున్నాడు: అమ్మను పిలవాలంటే కుడిపక్కకు వెళ్ళాలని. పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆ పొద్దున కూడా అతడు టిఫిను ముగించి, చెయ్యి కడుక్కుని, తల్లి కుడిపక్కకు వచ్చే మాట్లాడాడు.

"అమ్మా, ఎల్పీ ఒకటి తే. పాతది గీరుకుంటోంది. మొన్న ఒకేచోట చిక్కుకుపోతే కింది మాస్టారు నవ్వాడు."

కింది వాటాలో ఉండేది రిటైరైన మాస్టారు. మొన్న రికార్డు చిక్కుకుని ఒకే ముక్కను తిప్పి తిప్పి పాడుతున్నప్పుడు ఆయన కిటికీలోంచి తల పైకెత్తి, "ముల్లు కాస్త జరపవయ్యా, అక్కడే తిరుగుతోంది," అన్నాడు. కొడుకు ఒక చేత్తో ముల్లు జరిపాడు. రెండో చేతిలో కోడలి జుట్టు ఉంది.

"ఇప్పుడు బయటికి తేనివ్వటం లేదురా," అంది చిల్లులక్క.

"ఎవడు తేనివ్వందీ? అక్కడే కదా పడి ఉంటావు పొద్దస్తమానం. ఇవాళే కావాలి. పొడుగ్గా ఉండేది చూసి తే."

కోడలు పొయ్యిమీది పాలు తుడుస్తూనే ఉంది. ఆమెకు ఆ మాటలు సగమే వినపడి ఉంటాయి. సగం చాలు.

మధ్యాహ్నం మిషన్లు ఆపి డబ్బాలు విప్పుకున్నారు. చిల్లులక్క తన డబ్బా మూత తియ్యకుండానే పళ్ళొదిన పక్కన కూర్చుంది.

"వదినా, సాయంత్రం నీ తలుపు తీసి ఉంటుందా?"

"తీసి ఉంచితే మాత్రం ఈ వయసులో నాకెవరొస్తారే?"

"నా కోడలు."

పళ్ళొదిన నమలడం ఆపింది. ఆమె కాపురం ఫ్యాక్టరీ గోడ వెనకే, ఒంటిగది, పచ్చరంగు తలుపు. మొగుడు పోయినప్పటినుంచి ఆ తలుపుకు తాళం వేసే పని పెట్టుకోలేదు.

"ఏం చెయ్యబోతున్నావు?"

"పాట ఆపుతాను. వీధి వింటుంది. విన్నాక ఎవరో ఒకరు వస్తారు."

"ఎవరు? ఆ మాస్టారా?"

"ఎవరైనా. చెవిన పడ్డాక మనిషన్నవాడు కూర్చోలేడు వదినా."

పళ్ళొదిన ఆమె ముఖంలోకి చూసింది. పిచ్చివాళ్ళను చూసే చూపు కాదు; చిన్నపిల్లలను చూసే చూపు. "రికార్డులు అచ్చొత్తే ప్రెస్సులో ఆ పెద్దాయన చెయ్యి ఇరుక్కున్ననాడు మనం ఎక్కడున్నాం?"

"ఇక్కడే."

"మిషను ఆపితే అచ్చు పాడవుతుందని పైవాళ్ళు అంటే, ముద్ద చల్లారేదాకా ఆయన అరిచాడు. చెయ్యి రికార్డంత పలచనయి బయటికొచ్చింది. మనం లేచామా?"

"అప్పుడు మిషన్లు నడుస్తున్నాయి," అంది చిల్లులక్క. "ఇంత చప్పుడు. ఎవరికేం వినపడిందని?"

"నాకు వినపడింది," అంది పళ్ళొదిన. కాసేపు డబ్బాలో వేళ్ళతో కెలికింది. తినలేదు. "సరేలే. తలుపు తీసే ఉంచుతాను. పక్క కూడా వేసి ఉంచుతాను. నా గురక భరించుకోమను."

సాయంత్రానికి లోడు మొత్తం వలయాలైపోయింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్ని చిల్లులక్క పాత గుడ్డలో చుట్టి, బట్టల లోపల వీపుకు ఆనించి నడుముకూ భుజాలకూ బిగించి కట్టుకుంది. చల్లని పలక వెన్నెముకకు తగలగానే ఒళ్ళు జలదరించింది. వంగితే రికార్డు వంకరపోతుంది కనుక నిటారుగా నడవక తప్పలేదు.

గేటు దగ్గర కాపలావాడు ఆమె సంచి తడిమి చూసి వెనక్కి ఇచ్చాడు. "ఏం చిల్లులక్కా, ఇవాళ నడక మారిందే? రాణీగారిలా వస్తున్నావు."

"నడుం పట్టేసింది నాయనా."

"రోజూ పట్టెయ్యమను. బాగుంది."

ఆమె ఆ నడకతోనే ఇంటిదాకా వెళ్ళింది. వీధిలో ఇంకా వెలుతురు ఉంది. ఎదురింటి పిన్ని మెట్లమీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతోంది. మాస్టారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. చిల్లులక్క వాళ్ళను ఒక్కొక్కరినీ కొత్తగా చూసింది. లెక్కపెట్టుకుంటున్నట్టు చూసింది. పిన్నికి బలమైన చేతులున్నాయి. మాస్టారి మాటంటే వీధికి గౌరవం ఉంది. వీళ్ళలో ఒక్కరు మెట్లెక్కితే చాలు.

మేడమీద వాళ్ళవి రెండు గదులు. ముందు గదిలో ఇనప మంచం, కిటికీ పక్క బల్లమీద రికార్డు పెట్టె, పక్కనే వీధివైపు మరో కిటికీతో వంటిల్లు. రికార్డును ఇంట్లో ఉన్న ఒక మంచి అట్టలో పెట్టి ఆమె కొడుక్కి ఇచ్చింది. అతడు బయటికి తీసి, అంచులు పట్టుకుని, వెలుతురుకు వంచి చూశాడు. కమిలిన, నల్లనూనె దిగిన ఆ వేళ్ళు రికార్డును మాత్రం ఎంత సుతారంగా పట్టుకుంటాయో ఆమె ఎన్నోసార్లు చూసింది.

"కొత్తదే," అన్నాడు. ముఖం విప్పారింది. చిన్నప్పుడు బొంగరం తెచ్చి ఇచ్చినప్పుడు విప్పారిన ముఖమే.  వెనక్కి అడుగుదామని చిల్లులక్క చెయ్యి కొంచెం లేచింది. అంతలో అతడు గది అవతలికి తిరిగి పెళ్ళాన్ని పిలిచాడు. ఆమె మంచానికి అటువైపు, అతనికి ఎడమ చెవి చూపిస్తూ బట్టలు మడతపెడుతోంది. తిరగలేదు. మళ్ళీ పిలిచాడు. ఆమె మడత సరిచేసి ఇంకొకటి అందుకుంది.

"పిలుస్తుంటే పలకవేం? చెవుడా?"

సాకులు ఎప్పుడూ రాయదగినంత ముఖ్యమైనవి కావు. గడియ సరిగా వెయ్యలేదని ఒకరోజు, ఎవరితోనో నవ్విందని ఒకరోజు. ఆనాటి సాకు మాత్రం రాయాలి: తాను పోగొట్టిన చెవికి తన పిలుపు వినపడలేదని అతడు తలుపు గడియ వేశాడు. రికార్డు పెట్టి, ముల్లు దించి, చప్పుడు పెంచాడు.

చిల్లులక్క వంటింట్లో పీటమీద కూర్చుంది. గిన్నె ముట్టుకోలేదు. మొదటి పాట హుషారైనది. వీధిలో ఎవరో దానికి తగ్గట్టు చిటికెలు వేశారు. ఒక చెవితో వినే మనిషికి మిగతాది పాదాలు వింటాయి. మంచం జరిగిన అదురు, మోకాళ్ళు నేలకు తగిలిన అదురు, గోడకు ఏదో కొట్టుకుని జారిన అదురు గచ్చులోంచి ఆమె మడమల్లోకి వచ్చాయి. రెండో పాట నెమ్మదిగా సాగేది. దాని కింద దెబ్బలు కూడా నెమ్మదించాయి. పాటకు తగ్గట్టు కొట్టడం తండ్రికీ ఉండేది. తెలిసి చేసేవాడు కాదు. అదే మరీ అసహ్యం.

మూడో పాట మొదలైంది. ఆమె లేచి వంటింటి కిటికీ దగ్గర నిలబడింది.

ఒక పదం నడుమ పాట తెగిపోయింది.

కొట్టే చేతికి ఆ సంగతి వెంటనే తెలియలేదు. మాంసంమీద చెయ్యి పడే చప్పుడు చిన్నగా, తడిగా ఉంటుంది; బట్ట ఉతికే చప్పుడుకూ దానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ చప్పుడు తీసి ఉన్న కిటికీలోంచి వీధిలోకి పోయింది. దానితోపాటు కోడలి గొంతు కూడా పోయింది. అరుపు కాదు. ఏడుపు కాదు. మామూలుగా, దుకాణంలో బేరం చేస్తున్నట్టు, "చెవిమీద వద్దు. చెవిమీద వద్దు. ఇంకెక్కడైనా కొట్టు," అంటోంది.

వీధిలో మాటలు ఆగిపోయాయి. చిటికెలు ఆగిపోయాయి. ఎదురింటి పిన్ని తల పైకెత్తింది. ఆమె చూపూ చిల్లులక్క చూపూ కలిశాయి. వింది. అనుమానం లేదు, వింది. మాస్టారి కిటికీలో పేపరు మడిచిన చప్పుడు, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించాయి. ఆయన లేచాడు. చిల్లులక్క కిటికీ చువ్వను గట్టిగా పట్టుకుని మెట్లమీద అడుగుల కోసం చెవి రిక్కించింది.

కింది వాటాలో రేడియో మోగింది. ఎవరో వాతావరణం చెబుతున్నారు. చప్పుడు పెరిగింది, ఇంకా పెరిగింది. పిన్ని చూపు దించుకుని, లేచి లోపలికి వెళ్ళింది. మరుక్షణం ఆమె ఇంట్లోంచి కూడా రేడియో అందుకుంది. ఆ పక్కింట్లో, ఆ పైనింట్లో, ఒక్కొక్కటిగా, ఎవరో సైగ చేసినట్టు, మీటలు తిరిగాయి. రికార్డు మూగబోయిన చోట వీధి తన ఎల్పీ తానే పెట్టుకుంది.

ముప్పై ఏళ్ళ నమ్మకం పోవడానికి పట్టిన సమయం అంతే.  పళ్ళొదిన తనవంక చూసిన చూపు ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

"ఇదేంటిది?" అన్నాడు ముందు గదిలో కొడుకు. అతడు పెళ్ళాన్ని వదిలి, పెట్టెమీదికి వంగి, ముల్లును దగ్గరగా చూస్తున్నాడు. ముల్లు గాడిలోనే ఉంది. రికార్డు తిరుగుతూనే ఉంది. ధూళి పట్టిందేమోనని అతడు చూపుడువేలితో మెల్లగా తుడవబోయాడు. అతని తండ్రి రికార్డు మార్చడానికి వెళ్ళినప్పటి ఎడం, ఎల్పీతోపాటు ఆ ఇంట్లోంచి పోయిన ఎడం, అలా తిరిగివచ్చింది.

చిల్లులక్క పరుగెత్తలేదు. నడిచి వెళ్ళి, ముందు తలుపు గడియ తీసింది. మంచం పక్కన ముడుచుకుని ఉన్న కోడలి కుడిపక్కకు వంగి, చంక కింద చెయ్యి వేసి లేపింది.

"ఫ్యాక్టరీ గోడ వెనక పచ్చ తలుపు," అంది చెవిలో. "తీసే ఉంటుంది. వెనక్కి తిరగకు."

"మీరత్తయ్యా?"

"నేను మామూలే. పో."

కోడలు చెప్పులు వేసుకోలేదు. తలుపు దాటింది.

కొడుకు తిరిగి చూశాడు. చిల్లులక్క ద్వారబంధం రెండు పక్కలా పట్టుకుని అడ్డంగా నిలబడి ఉంది, ఇంకా వీపున రికార్డు కట్టుకున్నట్టే నిటారుగా.

"తప్పుకో."

"తప్పుకోను."

"అమ్మా, నాకు చెయ్యి లేపే పని పెట్టకు."

"లేపరా. నీకది తప్ప ఏం వచ్చు?"

అతడు ఆమె భుజం పట్టి లాగాడు. ద్వారబంధంమీదినుంచి వేళ్ళు ఊడలేదు. ఎన్నో ఏళ్ళుగా రికార్డులను శీలమీదినుంచి ఊడబెరికిన వేళ్ళవి. అతడు పిడికిలితో ఆ వేళ్ళమీద కొట్టాడు. తరవాత ముఖంమీద కొట్టాడు. మూడోసారి రెండు చేతులా పట్టి గదిలోకి విసిరేశాడు, ఆమె రోజూ వలయాలను విసిరినట్టే. తల వెనకభాగం ఇనప మంచం కాలికి తగిలింది. చప్పుడు పెద్దది కాదు.

అతడు వాకిలి దాటేలోపే ఆమె పాకి వచ్చింది. తలుపు నెట్టి, దానికి వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చుంది. అతడు లాగబోయాడు గాని ఆమె ముఖం చూసి ఆగాడు. ముక్కులోంచి ఒక సన్నని ఎర్రగీత కారి పెదవిమీద నిలిచింది.

"ఎలాంటి రికార్డు తెచ్చావే?" అన్నాడు. గొంతులో కోపం కంటే ఎక్కువగా మోసపోయిన పసివాడి ఉక్రోషం ఉంది. "ఇందులో ఏముంది? ఏం లేదు."

"ఉంది," అంది. "వినరా."

మెట్లు దిగుతున్న ఉత్తికాళ్ళ చప్పుడు ఆమె కుడిచెవికి అందుతోంది. అది కింది వాటాలోని వాతావరణాన్ని దాటింది, పిన్ని ఇంటి రేడియోను దాటింది. ఎక్కడా ఆగలేదు. వీధి మలుపుదాకా ఆమె దాన్ని పోనిచ్చి, కళ్ళు మూసుకుంది.

కొడుకు మంచంమీద కూలబడ్డాడు. కాసేపు పిడికిలి విప్పుతూ మూస్తూ కూర్చున్నాడు. పైన చప్పుళ్ళు లేవని నిశ్చయమయ్యాక వీధిలో రేడియోలు ఒక్కొక్కటే తగ్గాయి. మాస్టారు అన్నిటికంటే ఆఖర్న ఆపాడు. ఎదురింటి మెట్లమీద మళ్ళీ మాటలు మొదలయ్యాయి. "ఇవాళ ఒక వైపే," అంది ఎవరో. ఎవరో నవ్వారు.

"అమ్మా, లే," అన్నాడు కొడుకు.

ఆమె లేవలేదు. అతడు లేచి దగ్గరికి వచ్చి మోకాళ్ళమీద కూర్చున్నాడు. "అమ్మా." ఆమె తల కొంచెం పక్కకు వాలి ఉంది. తాను ఉన్నది ఎడమపక్కనని అతనికి అప్పుడు గుర్తుకొచ్చింది. నడక నేర్చినప్పటినుంచీ చేస్తున్నట్టే లేచి, ఆమె కాళ్ళు తొక్కకుండా చుట్టూ తిరిగి, కుడిపక్కకు వెళ్ళి, చెవి దగ్గర వంగి మెల్లగా పిలిచాడు.

అక్కడ కూడా ఎవరూ పలకలేదు.

తనంతట తాను ఆగే ఏర్పాటు ఆ పెట్టెకు లేదు. ముల్లు మూగ గాడినంతా నడిచి నడిచి, చివరి చుట్టులో పడి, అక్కడే మెల్లగా టిక్కుటిక్కుమంటోంది. ఆనాటి లోడు మొత్తంలో కోత పడకుండా మిగిలిన ఒకే ఒక్క ఎర్ర లేబులు, ఎవరూ వినని పాటల పేర్లు కూడా వరసగా అచ్చు వేయించుకుని, బల్లమీద తిరుగుతూనే ఉంది.